బార్నబీ వారి తాజా కళ్ళు

బార్నబీ అండ్ బార్నబీ సంస్థలో ఇద్దరు బార్నబీలు ఎందుకున్నారో, వాళ్ళు అన్నదమ్ములో తండ్రీకొడుకులో, హైదరాబాదు ఆఫీసులో ఎవరికీ తెలియదు. మిగతావన్నీ తెలుసు. సిమెంటు కంపెనీలకు సిమెంటు గురించి, ఆసుపత్రులకు రోగుల గురించి, చేపల చెరువులవాళ్ళకు చేపల మనోభావాల గురించి సలహాలు చెప్పి ఫీజు పుచ్చుకోవడం ఆ సంస్థ వృత్తి. సలహా విన్నవాళ్ళు బాగుపడితే అది సలహా గొప్పతనం. చెడిపోతే అది అమలులో లోపం.

అలాంటి చోట కూతురు రవళికి వేసవి ఇంటర్న్‌షిప్ దొరికిందని తెలియగానే, కరీంనగర్‌లో మోటార్ల వైండింగ్ షాపు నడిపే కనకయ్య ఆ వార్తను షాపుకొచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు. కాలిపోయిన మోటారు పట్టుకుని దిగులుగా వచ్చినవాళ్ళకు కూడా చెప్పాడు. రవళి బీకాం రెండో సంవత్సరం పరీక్షలు అప్పుడే రాసింది. బస్సెక్కించేటప్పుడు ఆయన ఒకటే మాట అన్నాడు.

"ఆడ పెద్ద పెద్దోళ్ళుంటరు బిడ్డా. ఏదడిగితే అది నేర్పుతరు. సిగ్గువడకుంట అడుగు."

రవళి సిగ్గుపడే రకం కాదు. మొదటిరోజే అడుగుదామని బోలెడు ప్రశ్నలు మనసులో పెట్టుకుని వెళ్ళింది. తీరా వెళ్ళాక ఆమెను ఒక పెద్ద మీటింగు గదిలో చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే క్లయింటు ముందు బాగుండదట.

ఆ రోజు క్లయింటు మంగతాయారు గారు. సామర్లకోటలో ఆవిడకు పరుపుల ఫ్యాక్టరీ ఉంది. భర్త పోయాక ఒక్క షెడ్డుతో మొదలుపెట్టి, రెండు వందల మందికి పని చూపించే దాకా తెచ్చారు. ఏడాదిగా ఆవిడకు నిద్ర లేదు. ఊళ్ళోవాళ్ళు పరుపులమ్మకు నిద్ర లేదని నవ్వుకుంటున్నారు కూడా.

"నా గోడు ఒకటేనండి," అన్నారావిడ. "పరుపు ఫ్యాక్టరీలో నేల మీద పరిస్తే అద్దంలా ఉంటదండి. కొన్నోళ్ళ ఇంటికెళ్ళాక మధ్యలో ఉబ్బుతాదంట. వెనక్కి పంపేస్తన్నారు. తీసుకొచ్చి మళ్ళీ నేల మీద పరిస్తే మళ్ళీ అద్దమేనండి! ఎందుకంటారు?"

మేనేజరు నిశాంత్ లేచాడు. ఎంబీఏలో రెండు బంగారు పతకాలు సంపాదించినవాడు. "మేడమ్, దీన్ని మనం వినియోగదారుడి శయన అనుభవ ప్రస్థానంలో ఏర్పడిన అంతరాయంగా చూడాలి," అన్నాడు. ఇంకొకాయన పక్కనుంచి దూది సెంటిమెంటు ప్రపంచవ్యాప్తంగా బలహీనంగా ఉందన్నాడు. మంగతాయారు గారు ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చున్నారు.

గది వేడెక్కుతోందని గ్రహించిన సీనియర్ పార్ట్‌నర్ పినాకపాణి గారు చిరునవ్వు నవ్వి, "యువతరం ఏమంటుందో కూడా విందాం," అంటూ చివరి కుర్చీ వైపు తిరిగారు. "చెప్పమ్మా, పరుపు ఎందుకు ఉబ్బుతోంది?"

రవళి లేచి నిలబడింది. "నాకు తెల్వదు సార్."

ఆ భవనం కట్టిన తరవాత ఆ మాట ఎవరి నోటా రాలేదు. నిశాంత్ తన షూ వైపు చూసుకున్నాడు.

మంగతాయారు గారు మాత్రం బల్ల మీద చేత్తో కొట్టారు. "అమ్మయ్య! నాకూ తెలీదమ్మా. ఇన్నాళ్ళకి ఈ మేడలో ఒక్క మనిషి కనపడింది. పినాకపాణి గారండీ, ఈ పిల్ల ఉంటేనే కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తాను. ఆయ్, అంతే."

మర్నాటికల్లా ఆ సంఘటన సంస్థ చరిత్రలో మలుపైపోయింది. పినాకపాణి గారు ఉద్యోగులందరినీ సమావేశపరిచి ఉపన్యసించారు.

"మిత్రులారా! తెలిసినవాళ్ళు బజారులో కుప్పలు తెప్పలు. వాళ్ళకు గిరాకీ పడిపోతోంది. ఏమీ తెలియకుండా, ఆ సంగతి ధైర్యంగా ఒప్పుకోగల వనరులు ఎక్కడున్నాయి? అరుదైనదానికే ధర. అందుకని నేటినుంచి మనం 'తాజా కళ్ళు' అనే విశిష్ట సేవను ప్రారంభిస్తున్నాం. ఏ విషయమూ తెలియని వ్యక్తి క్లయింటు సమస్యను నిర్మలంగా, నిష్కల్మషంగా చూడటమే ఈ సేవ. కుమారి రవళి ఇందులో మన మూలధనం."

చప్పట్లు మోగాయి. రవళికి పట్టరాని సంతోషమైంది. చప్పట్లయ్యాక నిశాంత్ దగ్గరికి వెళ్ళి, "సార్, ఈ బ్యాలెన్స్ షీట్ ఎట్ల చదవాల్నో కొంచెం చెప్తరా?" అని అడిగింది.

నిశాంత్ భయంతో వెనక్కి జరిగాడు. "దయచేసి అడక్కండి. నేను చెబితే నా ఉద్యోగం పోతుంది."

మానవ వనరుల అధిపతి డాక్టర్ తరంగిణి అప్పటికే ఉత్తర్వులు జారీ చేసి ఉంది. రవళిని తన గదిలోకి పిలిచి ఎంతో ఆప్యాయంగా వివరించింది.

"చూడు రవళీ, నీ అజ్ఞానం ఇప్పుడు నీ సొంత ఆస్తి కాదు, సంస్థ ఆస్తి. దాన్ని కాపాడుకోవలసిన బాధ్యత మనందరిదీ. నువ్వు ఫైళ్ళు చూడకూడదు. లిఫ్టులో జనం పనుల గురించి మాట్లాడుకుంటారు కాబట్టి సరుకుల లిఫ్టులో రావాలి. క్యాంటీన్లో వేరే టేబుల్. ఎవరైనా పొరపాటున నీకేదైనా నేర్పించబోతే వెంటనే చెవులు మూసుకుని మాకు ఫిర్యాదు చెయ్యి."

"నేర్చుకుందామనే వచ్చిన మేడమ్."

"ఆ బలహీనత మొదట్లో అందరికీ ఉంటుంది," అంది తరంగిణి జాలిగా. "కౌన్సెలింగ్ ఇప్పిస్తాం."

ఆ సాయంత్రం రవళి హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేసింది.

"ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?" అన్నాడు కనకయ్య.

"నేర్చుకోవద్దంటున్నరు బాపూ. నేర్చుకుంటే ఖరాబైతనట."

"పైసలిస్తున్నరా?"

"ఇస్తున్నరు."

"మా షాపుల పోరగాళ్ళు పని నేర్చుకోకుంటే నేను తిడుత. గాళ్ళు పైసలిస్తున్నరా," అన్నాడు కనకయ్య ఆలోచనగా. "పెద్ద కంపెనీ బిడ్డా. ఏదో ఉంటది లోపట."

లోపల ఉన్నది పరీక్ష. శుక్రవారం శుక్రవారం రవళి అజ్ఞానాన్ని కొలిచేవారు. మొదటివారం మార్కులు సున్నా వచ్చాయి. పినాకపాణి గారు స్వయంగా వచ్చి కేకు కోయించారు. రెండోవారం కూడా అంతే. మూడోవారం ప్రశ్నల్లో 'పరుపులో ఏముండును?' అన్నది ఒకటి వచ్చింది. రవళి ఆలోచించకుండా 'దూది' అని రాసేసింది.

అరగంటలో తరంగిణి, ఇద్దరు నిపుణులు ఆమె చుట్టూ చేరారు.

"ఈ సమాచారం నీకు ఎవరు లీక్ చేశారు?"

"మా ఇంట్ల పరుపుంది మేడమ్. చిన్నప్పుడు చింపిన. దూది వచ్చింది."

నిపుణులిద్దరూ మొహాలు చూసుకున్నారు. వాళ్ళు దాన్ని బాల్యావశేష జ్ఞానంగా నమోదు చేసి, ప్రమాదకర స్థాయిలో లేదని తేల్చారు. ముందుజాగ్రత్తగా హాస్టల్లో ఆమె మంచం మీది పరుపు తీసేయించి చాప వేయించారు. దూదితో ఆమెకు పరిచయం పెరగకూడదని తరంగిణి అభిప్రాయం.

రవళి పేరు బెంగళూరు, ముంబయి ఆఫీసుల దాకా పాకింది. తాజా కళ్ళు కావాలని క్లయింట్లు క్యూ కట్టారు. ఒక ఓడరేవువాళ్ళు ఆమెను పిలిపించి సముద్రం ఎదురుగా నిలబెట్టారు. "ఇదేంటో తెలుసా?" అన్నారు. ఉప్పునీళ్ళ కంపు కొడుతోందని చెప్పింది. అది రాసుకున్నారు. తరవాత చాలా విలువైన మాట అని ఉత్తరం రాశారు.

ఒక్క మనిషితో అంత గిరాకీ తీరదు కదా. ఉన్నవాళ్ళనే తాజాగా మార్చాలని సంస్థ నిర్ణయించింది. తెలిసినవాళ్ళకు మర్చిపోవడానికి జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. ఇరవయ్యేళ్ళ అనుభవమున్న ఆడిటర్లు కొడైకెనాల్ వెళ్ళి కూడికలు మర్చిపోయి వచ్చారు. పన్నుల విభాగం అధిపతి చెట్టుకింద కూర్చుని జీఎస్టీ పూర్తిగా పోయిందని ప్రకటించాడు. అది ఆయనకు మొదటినుంచీ రాదని కిందివాళ్ళు అన్నా, ఈర్ష్యతో అన్నట్టుగానే అందరూ తీసుకున్నారు.

అన్నిటికన్నా కష్టం నిశాంత్‌ది. ఆ బంగారు పతకాల మూలంగా అతని ప్రమోషన్ ఆగిపోయింది. ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో రవళి టేబుల్‌కు కాస్త దూరంగా నిలబడి, ఆమె వైపు చూడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"మీరెలా చేస్తారండీ అది? అంత సహజంగా?"

"ఏది సార్?"

"తెలియకపోవడం. నేను రాత్రింబవళ్ళు కష్టపడుతున్నా. తొమ్మిదో ఎక్కం పోయింది. ఎనిమిదో ఎక్కం సగంలో ఆగింది. మా ఆవిడ పేరు కూడా నిన్న కాసేపు గుర్తురాలేదు, ఎంత సంతోషమేసిందో!" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కానీ నిరుడు రాసిన రిపోర్టులే పోవడం లేదు."

"పోతయి సార్, ఫికర్ చెయ్యకండి," అంది రవళి. ఓదార్చడం తప్ప ఆమెకు అక్కడ వేరే పనేమీ లేదు. ఆ తరవాతి వారమే అతను సంతోషంగా కనిపించాడు. నిరుడు రాసినవన్నీ పోయాయట.

వేసవి చివరికి వచ్చేసరికి పినాకపాణి గారు రవళిని పిలిచి శాశ్వత ఉద్యోగం ఇవ్వజూపారు. హోదా పేరు ముఖ్య అజ్ఞాన అధికారి. కాలేజీ వాళ్ళతో సంస్థ మాట్లాడుకుంటుందట, చదువు మధ్యలో ఆపేస్తే ఇంకా మంచిదట. రవళి తల్లి సుగుణమ్మ ఆ వార్త విన్న వెంటనే కాలనీ అంతా తిరిగి లడ్డూలు పంచింది. కూతురు ఏం అధికారి అని ఎవరో అడిగితే, ముఖ్య అధికారి అని చెప్పింది. మధ్యమాట ఆమెకు సరిగా వినబడలేదు.

"అయితే ఒక చిన్న లాంఛనం," అన్నారు మర్నాడు పినాకపాణి గారు. "సోమవారం మంగతాయారు గారికి ఉబ్బు మీద తుది నివేదిక. నువ్వు పక్కన కూర్చుంటే చాలు. సామర్లకోట ఫ్యాక్టరీ మూసెయ్యమని చెబుతున్నాం."

రవళి ఉలిక్కిపడింది. "మూసెయ్యాల్నా? ఎందుకు సార్?"

"కారణం తెలియలేదు కాబట్టి. కారణం తెలియనప్పుడు మూసివేత అన్నిటికీ వర్తిస్తుంది. కూలీలు దూది సరిగా కూరడం లేదని రాశాం. రెండు వందల మందీ పోతే ఉబ్బు కూడా పోతుంది."

ఆ రోజంతా రవళికి అన్నం సయించలేదు. మంగతాయారు గారు తనను మనిషి అన్నారు. ఈ మేడలో ఆ మాట అన్నది ఆవిడ ఒక్కరే. తన షాపులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళను తీసెయ్యాల్సి వచ్చినప్పుడు బాపు మూడురోజులు ఎవరితోనూ మాట్లాడకపోవడం ఆమె చూసింది. ఇక్కడ రెండు వందల మందిని తీసెయ్యమని చెబుతూ పినాకపాణి గారు కాఫీలో చక్కెర కలుపుకున్నారు.

ఆదివారం ఆమె ఎవరికీ చెప్పకుండా కూకట్‌పల్లిలో ఒక పరుపుల షోరూముకు వెళ్ళింది. నేరం చేయబోతున్నట్టు చుట్టూ చూసుకుని లోపలికి అడుగుపెట్టింది. సామర్లకోట పరుపు ఒకటి నున్నటి టేకు మంచం మీద పరిచి ఉంది. నిజంగానే మధ్యలో ఉబ్బి, ఎవరో కింద దాక్కున్నట్టుంది. రవళి దాని మీద కూర్చుంది. పడుకుంది. పొర్లింది. తరవాత షాపువాళ్ళను బతిమాలి దాన్ని నేల మీదికి దింపించింది. చదునైపోయింది. మళ్ళీ మంచం మీదికి ఎక్కించింది. ఉబ్బింది.

ఆమె చున్నీ తీసి పరుపు పొడవు కొలిచి ముడివేసింది. అదే చున్నీతో మంచం లోపలి పొడవు కొలిచింది. ముడి అవతల పడింది. పరుపు బెత్తెడు ఎక్కువ. తలవైపు చెక్కకూ కాళ్ళవైపు చెక్కకూ మధ్య ఇరుక్కుని, పోయే దారి లేక పైకి లేస్తోంది. అనుమానం తీరక షోరూములో ఉన్న మంచాలన్నీ కొలిచింది. ఏ మంచంలోనూ అది పట్టదు.

రవళి అక్కడే మంచం అంచున కూర్చుని పెద్దగా నవ్వింది. వేసవి అంతటిలో ఆమె నేర్చుకున్నది ఈ ఒక్కటే. ఇది బయటపెడితే లడ్డూలు పంచిన తల్లి మొహం ఎలా ఉంటుందో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

సోమవారం మీటింగులో మంగతాయారు గారు చాలా అలసిపోయి కనిపించారు. పినాకపాణి గారు గొంతు సవరించుకుని, బాధాకరమైనప్పటికీ విజ్ఞతతో కూడిన మూసివేత గురించి మాట్లాడసాగారు. ఆవిడ తల వంచుకుని వింటున్నారు. ఫ్యాక్టరీ మూయడానికి ఒప్పుకుంటున్నట్టే ఉన్నారు.

"అవునండి, మీరంతా చదువుకున్నోళ్ళు," అన్నారు నీరసంగా. "నా పిల్లలు కూరడం తప్పారంటే నమ్మబుద్ధెయ్యదు గానీ... ఏవమ్మా, నువ్వేవంటావు? నీకూ తెలీదు కదా?"

పినాకపాణి గారు గర్వంగా రవళి వైపు చూశారు. తరంగిణి ప్రోత్సాహంగా తల ఊపింది.

"తెలుసు మేడమ్," అంది రవళి.

తరంగిణి చేతిలోని గ్లాసులో నీళ్ళు బల్ల మీద ఒలికాయి.

"కూరుడు మంచిగనే ఉన్నది. పరుపే మంచం కన్న బెత్తెడు పొడుగున్నది. రెండు చెక్కల నడుమ ఇరుక్కొని ఉబ్బుతున్నది. నేల మీద చెక్కలుండయి కద, అందుకే ఆడ ఉబ్బదు. నేను కొలిచి చూసిన."

మంగతాయారు గారు ఒక్క ఉదుటున ముందుకు వంగారు. "అయ్ బాబోయ్! సైజు! నిరుడు సైజు పెంచాం కదా! అంతర్జాతీయ ప్రమాణం అని, పొడుగు పెంచమని..." ఆవిడ మెల్లగా నిశాంత్ వైపు తిరిగారు. "పెంచమని రిపోర్టు రాసింది మీరే కదండీ?"

"నేనా?" అన్నాడు నిశాంత్. అతని మొహంలో అబద్ధం అన్నది లేదు. "నాకు గుర్తులేదండీ." ఒక్క క్షణం ఆగి, ఆనందం పట్టలేక పినాకపాణి గారితో అన్నాడు. "సార్, నిజంగానే గుర్తులేదు! పూర్తిగా పోయింది!"

ఆ మూల నుంచి ఎవరో అలవాటుగా చప్పట్లు కొట్టబోయి మానేశారు. మంగతాయారు గారు కుర్చీ వెనక్కి నెట్టి లేచి బయటికి నడిచారు.

మధ్యాహ్నమే విచారణ సంఘం కూర్చుంది.

"కుమారి రవళీ, మీరు ఉద్దేశపూర్వకంగా తెలుసుకున్నారని అభియోగం," అన్నారు పినాకపాణి గారు. "దీనివల్ల సంస్థ మూలధనానికి తీరని నష్టం జరిగింది. అయినా మేం కఠినాత్ములం కాము. తెలిసి చెప్పలేదని, ఏదో నోటికి వచ్చింది అన్నానని రాసివ్వండి. ఊహ నేరం కాదు. ఉద్యోగం అలాగే ఉంటుంది."

తరంగిణి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఇంట్లో వాళ్ళ గురించి ఆలోచించు తల్లీ. ఒక్క వాక్యం."

రవళి ఆలోచించింది. లడ్డూల గురించి, కాలనీలో తలెత్తుకుని తిరుగుతున్న అమ్మ గురించి ఆలోచించింది. కానీ ఆదివారం ఆ మంచాల మధ్య చున్నీ పట్టుకుని తిరిగిన గంట తనదే అనిపించింది. దాన్ని వీళ్ళకు రాసివ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"ఊహ కాదు సార్. కొలిచిన. మీకు కావాల్నంటే మిమ్మల్ని గూడ తోలుకపోయి చూపిస్త," అంది.

చూడవలసి వస్తుందేమోనన్న భయంతో సంఘంలో ఇద్దరు కళ్ళు మూసుకున్నారు. ఆమెను ఆ నిమిషమే పనిలోంచి తీసేశారు. దిగి వెళ్ళడానికి మామూలు లిఫ్టు వాడుకోవచ్చన్నారు, ఇంక చెడిపోయేదేమీ లేదు కాబట్టి.

ఆ వారమే బార్నబీ అండ్ బార్నబీ తరఫున మంగతాయారు గారికి ఒక క్షమాపణ అందింది. తమ సమావేశంలో విషయం తెలిసిన వ్యక్తి పొరపాటున ఉండిపోయినందుకు సంస్థ తీవ్రంగా చింతిస్తోంది, ఇలాంటివి మళ్ళీ జరగకుండా కట్టుదిట్టం చేశాం అని దాని సారాంశం. పరుపుల పొడవు తగ్గి, అమ్మకాలు లేచాక సంస్థ మనసు మార్చుకుంది. తాజా కళ్ళ వల్ల ఒక ఫ్యాక్టరీ ఎలా నిలబడిందో వివరిస్తూ ముంబయిలో ఒక సభ పెట్టి, పినాకపాణి గారిని శాలువాతో సత్కరించింది. పరుపులు దేనితో చేస్తారని సభలో ఒకరు అడిగితే, ఆయన గంభీరంగా తెలియదన్నారు. అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

రవళి కరీంనగర్ వెళ్ళి జరిగినదంతా చెప్పింది. సుగుణమ్మ రెండురోజులు గడప దాటలేదు. కనకయ్య మాత్రం పరుపు, మంచం, చున్నీ ముడి కథను మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆ తరవాత షాపుకొచ్చినవాళ్ళందరికీ ఈ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో మంగతాయారు గారి ఫోన్ వచ్చింది. కాలేజీ తెరిచేదాకా సామర్లకోటకు వచ్చి ఉండమని, ఫ్యాక్టరీలో పని చూడమని.

"నాకు పనేం రాదు మేడమ్, ముందే చెప్తున్న," అంది రవళి.

"రాకపోతే నేర్పుతాం. లేకపోతే ఎలాగమ్మా?" అన్నారావిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

మొదటిరోజు ఆమెను కుట్టు విభాగంలో వీరలక్ష్మి అనే మేస్త్రీకి అప్పగించారు. వీరలక్ష్మి లావుపాటి దబ్బనం చేతికిచ్చి, ఒక్కసారి చేసి చూపించి, తన పనిలో పడింది. రవళి పరుపు అంచు కుట్టింది. వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. ఈసారి తన చున్నీ కొంగు కూడా కలిపి కుట్టేసింది. లేవబోతే పరుపు కూడా లేచింది.

షెడ్డులో ఉన్న ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. వీరలక్ష్మి వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఓసి నీ తెలివి మండిపోనూ! ఏం చదివావే నువ్వు? ఇంత కూడా తెలీదా? దబ్బనం అలాగా పట్టుకోటం? ఇలారా, నా పక్కన కూర్చో. కళ్ళు ఇక్కడ పెట్టు. తప్పు చేశావంటే వేళ్ళు విరిచేస్తాను!"

రవళి కళ్ళలో నీళ్ళు చిప్పిల్లాయి. పాపం గట్టిగా తిట్టానేమోనని వీరలక్ష్మి నొచ్చుకుని, కాస్త టీ తాగుతావా అని అడిగింది. రవళి తల అడ్డంగా ఊపి, చున్నీ విప్పుకుని, పీట దగ్గరికి లాక్కుని ఆవిడ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది.

"వద్దు అక్కా," అంది. "ఇంకోసారి తిట్టి చూపించు."